బ్యాంకు యాజమాన్యంలో జీవిత బీమా సంస్థ: ఇండియాఫస్ట్ లైఫ్ నిర్మాణం, వ్యాపార విధానం, పాలసీదారుల హక్కులు

ప్రత్యేక వ్యాసం

ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమయింది. ఊరూరా పరిచితమైన ఆ పేరు శాఖల నామఫలకాల నుంచి క్రమంగా తొలగిపోయింది. పొదుపు ఖాతాలు, డిపాజిట్లు, రుణాలు నూతన యాజమాన్యానికి బదిలీ అయ్యాయి. అయితే అదే శాఖలో, అదే బల్ల వద్ద జీవిత బీమా పాలసీ తీసుకున్న ఖాతాదారుకు ఒక సందేహం కలగడం సహజం. బ్యాంకు పేరే లేనప్పుడు, తాను చెల్లించిన ప్రీమియానికి, తన తదనంతరం కుటుంబానికి అందవలసిన సొమ్ముకు బాధ్యులెవరు?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే బ్యాంకుల యాజమాన్యంలోని జీవిత బీమా సంస్థ ఎలా ఏర్పడుతుంది, ఎలా పని చేస్తుంది, అందులో బ్యాంకు పాత్ర ఎంతవరకు అనే అంశాలను పరిశీలించవలసి ఉంటుంది. ఆంధ్రా బ్యాంకు భాగస్వామిగా ఆవిర్భవించిన ఇండియాఫస్ట్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ ఇందుకు తగిన ఉదాహరణ.

తెలుగునాట పూర్వరంగం

బ్యాంకు, బీమా ఒకే గడప నుంచి రావడం తెలుగువారికి కొత్త కాదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నం కేంద్రంగా ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. రెండేళ్లకే, 1925లో, అదే పట్టణంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని నెలకొల్పారు. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఆయనే శ్రీకారం చుట్టారు. సామాన్యుని పొదుపునకు బ్యాంకు, అతని కుటుంబ భద్రతకు బీమా రెండు కళ్లవంటివని ఆనాటి నాయకులు భావించారు.

1956లో కేంద్ర ప్రభుత్వం జీవిత బీమా వ్యాపారాన్ని జాతీయం చేసింది. దేశంలోని 245 బీమా సంస్థలు, ప్రావిడెంట్ సొసైటీల వ్యాపారం ఆ ఏడాది సెప్టెంబరు 1న ఏర్పడిన భారతీయ జీవిత బీమా సంస్థకు సంక్రమించింది. ఆ తరువాత నాలుగు దశాబ్దాలకు పైగా జీవిత బీమా అంటే ఎల్ఐసీ, పాలసీ అంటే ఇంటికి వచ్చే ఏజెంటు. బ్యాంకులకు ఈ రంగంలో ప్రవేశం లేదు.

2000లో తెరచుకున్న ద్వారం

రిజర్వు బ్యాంకు మాజీ గవర్నరు ఆర్.ఎన్. మల్హోత్రా అధ్యక్షతన 1993లో నియమితమైన కమిటీ, బీమా రంగంలో పోటీని అనుమతించాలని 1994లో సిఫార్సు చేసింది. దానిననుసరించి 1999లో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం రూపొందింది. ప్రైవేటు సంస్థలకు అనుమతి లభించింది. విదేశీ భాగస్వామి వాటాను తొలుత 26 శాతానికి పరిమితం చేశారు. ఈ పరిమితిని 2015లో 49 శాతానికి, 2021లో 74 శాతానికి పెంచారు. వంద శాతానికి అవకాశం కల్పించే సవరణను పార్లమెంటు 2025లో ఆమోదించింది.

బ్యాంకింగ్ నియంత్రణ చట్టం కింద బ్యాంకులు చేపట్టదగిన వ్యాపారాలలో బీమాను చేరుస్తూ కేంద్రం 2000 ఆగస్టులో ప్రకటన జారీ చేసింది. వెంటనే రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు వెలువరించింది. బీమా సంస్థలో వాటాదారుగా నష్టభారం పంచుకోదలచిన బ్యాంకుకు కనీసం 500 కోట్ల రూపాయల నికర విలువ, 10 శాతానికి తగ్గని మూలధన నిష్పత్తి, వరుసగా మూడేళ్ల నికర లాభం ఉండాలని అందులో నిర్దేశించింది. డిపాజిటుదారుల సొమ్ము బీమా వ్యాపారపు నష్టాలకు గురికాకుండా చూడడమే ఈ షరతుల ఉద్దేశం.

ఈ మార్గంలో భారతీయ స్టేట్ బ్యాంకు, ఫ్రాన్సు దేశపు కార్డిఫ్ సంస్థతో కలిసి ఎస్‌బీఐ లైఫ్‌ను ప్రారంభించింది. దానికి 2001 మార్చిలో వ్యాపార అనుమతి లభించింది. కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇండియా వంటివి కూడా కాలక్రమంలో జీవిత బీమా సంస్థలలో వాటాదారులయ్యాయి.

ఇండియాఫస్ట్ లైఫ్ ఆవిర్భావం

బ్యాంక్ ఆఫ్ బరోడా, ఆంధ్రా బ్యాంకు, బ్రిటన్‌కు చెందిన లీగల్ అండ్ జనరల్ సంస్థ కలిసి ముంబయి కేంద్రంగా ఇండియాఫస్ట్ లైఫ్‌ను నెలకొల్పాయి. 2009 నవంబరులో దానికి నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. బ్యాంక్ ఆఫ్ బరోడా 44 శాతం, ఆంధ్రా బ్యాంకు 30 శాతం, లీగల్ అండ్ జనరల్ 26 శాతం వాటాలు కలిగి ఉండేవి.

ఈ కూర్పులో ఒక్కొక్కరిది ఒక్కొక్క బలం. 1908లో బరోడా సంస్థానంలో పుట్టిన బ్యాంకుకు పశ్చిమ భారతంలోను, ఆంధ్రా బ్యాంకుకు తెలుగు ప్రాంతాలలోను విస్తృతమైన శాఖలు, తరాలుగా నమ్మకంతో ఉన్న ఖాతాదారులు ఉన్నారు. 1836లో స్థాపితమైన లీగల్ అండ్ జనరల్‌కు బీమా గణాంక శాస్త్రంలోను, పాలసీల రూపకల్పనలోను సుదీర్ఘ అనుభవం ఉంది. కొత్తగా ఏజెంట్ల సైన్యాన్ని సమకూర్చుకోవలసిన అవసరం లేకుండానే సంస్థకు దేశవ్యాప్తంగా విక్రయ కేంద్రాలు లభించాయి. బ్యాంకు శాఖల ద్వారా బీమా విక్రయించే ఈ పద్ధతినే బ్యాంకస్యూరెన్స్ అని వ్యవహరిస్తున్నారు.

ఎవరి బాధ్యత ఎంతవరకు

బ్యాంకు ఇక్కడ రెండు వేర్వేరు పాత్రలు పోషిస్తుంది. ఒకటి వాటాదారు పాత్ర. బీమా సంస్థ లాభపడితే డివిడెండు, వాటా విలువ పెరుగుదల రూపంలో బ్యాంకుకు ప్రయోజనం కలుగుతుంది. రెండవది కార్పొరేట్ ఏజెంటు పాత్ర. తన శాఖలో విక్రయించిన పాలసీలపై బ్యాంకుకు కమిషను లభిస్తుంది. పాలసీ గురించి వివరించి విక్రయించే బ్యాంకు సిబ్బంది నిర్దేశిత శిక్షణ పొంది, పరీక్షలో ఉత్తీర్ణులై, ధ్రువపత్రం కలిగి ఉండాలి.

అయితే పాలసీ అనే ఒప్పందం పాలసీదారుకు, బీమా సంస్థకు మధ్య జరిగేది. అందులో బ్యాంకు కక్షిదారు కాదు. క్లెయిము చెల్లించవలసిన బాధ్యత బీమా సంస్థదే. పాలసీ పత్రంపై ఉండే సంస్థ పేరు, రిజిస్ట్రేషను సంఖ్య ఈ కారణంగానే అత్యంత ముఖ్యమైనవి.

ఒక బ్యాంకు కేవలం తన సొంత బీమా సంస్థ పాలసీలనే విక్రయించాలన్న నిబంధన కూడా లేదు. 2016 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకు గరిష్ఠంగా మూడు జీవిత బీమా సంస్థలతో ఒప్పందం చేసుకునే వీలు కలిగింది. 2022 చివరిలో ఈ సంఖ్యను తొమ్మిదికి పెంచారు. అందువల్ల శాఖలో ఒకటి కంటే ఎక్కువ సంస్థల పాలసీలు ఉన్నాయా అని అడిగి, వాటిని పోల్చి చూసుకునే అవకాశాన్ని ఖాతాదారు ఉపయోగించుకోవచ్చును.

ప్రీమియం సొమ్ము ఏమవుతుంది

జీవిత బీమా వ్యాపారానికి మూలం ఒక చిన్న లెక్క. ఒకే వయసు గల పదివేల మంది ఒక్కొక్కరు 5 లక్షల రూపాయల బీమా తీసుకున్నారని, వారిలో ఆ ఏడాది 20 మంది మరణించవచ్చునని అంచనా వేశారని భావిద్దాం. చెల్లించవలసిన మొత్తం కోటి రూపాయలు. దానిని పదివేల మందికి పంచితే తలకు వెయ్యి రూపాయలు. దీనికి నిర్వహణ వ్యయం, కమిషను, కొంత మిగులు కలిపితే కేవల రక్షణ కల్పించే టర్మ్ పాలసీ ప్రీమియం ఏర్పడుతుంది. గడువు తీరాక జీవించి ఉన్నవారికి అందులో తిరిగి వచ్చేది ఏమీ ఉండదు. మరణించిన 20 మంది కుటుంబాలకు మిగిలినవారంతా అండగా నిలిచారని దాని అర్థం.

పొదుపుతో కూడిన పాలసీలలో ప్రీమియం చాలా ఎక్కువగా ఉండడానికి కారణం, రక్షణకు అయ్యే ఖర్చు పోను మిగిలిన భాగం పెట్టుబడిగా నిలవడమే. యూనిట్ ఆధారిత పాలసీలలో ఈ పెట్టుబడి మార్కెట్టు ఒడిదుడుకులకు లోబడి ఉంటుంది. ఆ నష్టభారం పాలసీదారుదే. 2010 సెప్టెంబరు నుంచి వీటికి ఐదేళ్ల నిర్బంధ కాలపరిమితి విధించారు.

సంప్రదాయ పాలసీల నిధులలో కనీసం సగభాగాన్ని ప్రభుత్వ, ఇతర ఆమోదిత సెక్యూరిటీలలో ఉంచాలని నిబంధన. చెల్లించవలసిన బాధ్యతలకు తగినంత ఆస్తులు ఉండడమే కాక, అదనంగా నిర్దేశించిన మూలధనానికి ఒకటిన్నర రెట్లు సంస్థ వద్ద ఎల్లవేళలా ఉండాలి. దీనినే సాల్వెన్సీ నిష్పత్తిగా పేర్కొంటారు. సంస్థ ప్రకటించే వార్షిక వివరాలలో ఈ నిష్పత్తిని, క్లెయిముల పరిష్కార శాతాన్ని ఎవరైనా పరిశీలించవచ్చును.

జీవన్ జ్యోతి పథకం చెప్పే పాఠం

బ్యాంకు ఖాతాకు, జీవిత బీమాకు గల అనుబంధాన్ని పేదల గడప వరకు తీసుకువెళ్లినది 2015 మేలో ప్రారంభమైన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజన. 18 నుంచి 50 ఏళ్ల మధ్య వయసు గల ఖాతాదారులు ఇందులో చేరవచ్చును. ప్రీమియం చెల్లిస్తూ వచ్చినవారికి 55 ఏళ్ల వరకు రక్షణ కొనసాగుతుంది. ఏ కారణంతో మరణించినా నామినీకి 2 లక్షల రూపాయలు లభిస్తాయి. కొత్తగా చేరినవారికి తొలి 30 రోజులలో ప్రమాద మరణానికి మాత్రమే రక్షణ వర్తిస్తుంది.

తొలుత ఏడాదికి 330 రూపాయలుగా ఉన్న ప్రీమియంను 2022 జూన్ 1 నుంచి 436 రూపాయలకు పెంచారు. ఇందుకు కారణం పైన పేర్కొన్న లెక్కలోనే ఉంది. పాత ప్రీమియంలో బీమా సంస్థకు చేరినది 289 రూపాయలు. వెయ్యి మంది నుంచి 2,89,000 రూపాయలు సమకూరుతాయి. వారిలో ఇద్దరు మరణిస్తే చెల్లించవలసినది 4 లక్షలు. 2022 మార్చి ఆఖరు నాటికి ఈ పథకం కింద 9,737 కోట్ల రూపాయల ప్రీమియం వసూలు కాగా, 14,144 కోట్ల రూపాయల క్లెయిములు చెల్లించినట్లు కేంద్రం వెల్లడించింది. అంటే వచ్చిన ప్రతి 100 రూపాయలకు 145 రూపాయలు బయటకు వెళ్లాయి. పెంచిన ప్రీమియంలో 395 రూపాయలు బీమా సంస్థకు, 11 రూపాయలు నిర్వహణ ఖర్చుగా బ్యాంకుకు చెందుతాయి. కొత్త చేరికలలో 30 రూపాయలు చేర్పించిన ప్రతినిధికి లభిస్తాయి.

ఏటా మే నెలాఖరులో ఈ ప్రీమియం ఖాతా నుంచి దానంతట అదే మినహాయింపబడుతుంది. ఆ రోజున ఖాతాలో సొమ్ము లేకపోతే జూన్ 1 నుంచి రక్షణ ఆగిపోతుంది. కూలి పనులకు వలస వెళ్లేవారు, ఖాతాను అరుదుగా వాడేవారు ఈ విషయమై ప్రత్యేక శ్రద్ధ వహించాలి. ఖాతాదారు ఈ పథకంలో చేరిన సంగతి కుటుంబ సభ్యులకు తెలియకపోతే 2 లక్షల రూపాయలు అడిగేవారే ఉండరు. మరణం సంభవించినప్పుడు పాసుపుస్తకంలో గత మే, జూన్ నెలల పద్దులను పరిశీలించి, 436 రూపాయల మినహాయింపు కనిపిస్తే వెంటనే శాఖను సంప్రదించాలి. సంవత్సరం మధ్యలో చేరినవారికి ఆ మొత్తం 342, 228 లేదా 114 రూపాయలుగా ఉండవచ్చును.

రుణంతో వచ్చే బీమా

గృహ రుణం తీసుకున్న వ్యక్తి మరణిస్తే అప్పు భారం కుటుంబంపై పడుతుంది. మిగిలిన అప్పు మేరకు రక్షణ కల్పించే బృంద బీమా పాలసీలు బ్యాంకుల యాజమాన్యంలోని సంస్థల వ్యాపారంలో ప్రధాన భాగం. వీటి ప్రయోజనం నిస్సందేహమైనది. కుటుంబానికి ఇల్లు దక్కుతుంది, బ్యాంకుకు బాకీ వసూలవుతుంది.

అయితే రుణం మంజూరు కావాలంటే ఫలానా సంస్థ పాలసీ తీసుకోవలసిందేనని ఒత్తిడి చేయడం నిబంధనలకు విరుద్ధం. అనవసరమైన బీమాను అంటగట్టడం వల్ల రుణగ్రహీతపై వ్యయభారం పెరుగుతున్నదని కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2024 నవంబరులో ముంబయిలో బ్యాంకులను హెచ్చరించారు. ఏకమొత్తపు ప్రీమియంను రుణంలోనే కలిపినప్పుడు దానిపై కూడా ఏళ్ల తరబడి వడ్డీ చెల్లించవలసి వస్తుంది. కనుక రుణ పత్రాలపై సంతకం చేసే ముందు బీమాకు ఎంత మినహాయించారో, రుణం ముందుగా తీరిస్తే ఎంత తిరిగి వస్తుందో లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి.

డిపాజిటు వేరు, పాలసీ వేరు

బ్యాంకు శాఖలో జరిగే ప్రతి లావాదేవీ బ్యాంకు డిపాజిటు కాదు. రెండింటికీ గల భేదాన్ని ఖాతాదారులు, ముఖ్యంగా పదవీ విరమణ సొమ్ము చేతికి వచ్చినవారు గుర్తించాలి. డిపాజిటును గడువుకు ముందే తీసుకుంటే స్వల్పంగా వడ్డీ తగ్గుతుంది. పాలసీని తొలి సంవత్సరాలలో రద్దు చేసుకుంటే అసలులోనే గణనీయమైన కోత పడుతుంది. 2024 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు తొలి ఏడాది తరువాత కూడా కొంత సరెండరు విలువ లభించేలా చేసినప్పటికీ, చెల్లించినదంతా తిరిగి వస్తుందని భావించరాదు. డిపాజిటుకు ఒక్కసారి చెల్లిస్తే చాలు. పాలసీకి పలుమార్లు ఏటేటా చెల్లించవలసి ఉంటుంది. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు వర్తించే డిపాజిట్ బీమా రక్షణ జీవిత బీమా పాలసీలకు వర్తించదు.

పొరపాటున తీసుకున్న పాలసీని వెనక్కు ఇచ్చే హక్కు పాలసీదారుకు ఉన్నది. పత్రం అందిన 30 రోజులలోగా కారణం తెలిపి రద్దు కోరితే, రక్షణ కల్పించిన రోజుల ఖర్చు, వైద్య పరీక్షలు, స్టాంపు రుసుము మినహాయించి మిగిలినది తిరిగి చెల్లిస్తారు. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై వస్తు సేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి రద్దయింది. ఆ తేదీ తరువాతి రసీదులలో ఈ పద్దు లేకుండా ఉండాలి.

యాజమాన్యం మారినా పాలసీ మారదు

ఇండియాఫస్ట్ లైఫ్ వాటాదారులు ఇప్పటికి పలుమార్లు మారారు. లీగల్ అండ్ జనరల్ తన 26 శాతం వాటాను వార్‌బర్గ్ పింకస్ అనుబంధ సంస్థకు విక్రయించింది. 2019లో ఆ ప్రక్రియ ముగిసింది. 2020లో విలీనం కారణంగా ఆంధ్రా బ్యాంకు వాటా యూనియన్ బ్యాంకుకు సంక్రమించింది. అయితే యూనియన్ బ్యాంకు అప్పటికే స్టార్ యూనియన్ దై-ఇచి అనే మరో జీవిత బీమా సంస్థలో ప్రధాన వాటాదారు. ఒకే బ్యాంకు రెండు జీవిత బీమా సంస్థలలో గణనీయమైన వాటాలు కలిగి ఉండరాదన్న నియమం దృష్ట్యా, ఇండియాఫస్ట్‌లోని వాటాను 10 శాతం లోపునకు తగ్గించవలసి వచ్చింది. ఆ ప్రకారం 21 శాతం వాటాను 2022లో బ్యాంక్ ఆఫ్ బరోడా కొనుగోలు చేసింది. దానితో బ్యాంక్ ఆఫ్ బరోడా వాటా 65 శాతానికి చేరగా, యూనియన్ బ్యాంకుకు 9 శాతం మిగిలింది.

ఇన్ని మార్పులు జరిగినా పాలసీ షరతులలో ఒక్క అక్షరం మారలేదు, మారే వీలు కూడా లేదు. వాటాలు చేతులు మారినా బీమా సంస్థ అనే చట్టబద్ధ వ్యక్తి, దానికి గల బాధ్యతలు యథాతథంగా కొనసాగుతాయి. ఆంధ్రా బ్యాంకు శాఖలో పాలసీ తీసుకున్నవారికి బాధ్యత వహించేది నాడు, నేడు ఆ బీమా సంస్థే.

అయితే పాలసీదారు చేయవలసిన పని కొంత ఉంది. విలీనం వల్ల బ్యాంకు కోడ్లు, కొన్ని సందర్భాలలో ఖాతా వివరాలు మారాయి. ఖాతా నుంచి నేరుగా ప్రీమియం మినహాయించేందుకు ఇచ్చిన పాత ఆదేశం అమలవుతున్నదో లేదో సరిచూసుకోవాలి. ప్రీమియం గడువు దాటితే నెలవారీ చెల్లింపులకు 15 రోజులు, ఇతర చెల్లింపులకు 30 రోజుల అదనపు వ్యవధి ఉంటుంది. ఆపై పాలసీ స్తంభించిపోతుంది. ఫోను నెంబరు, చిరునామా, నామినీ పేరు, గడువు తీరిన సొమ్ము జమ కావలసిన ఖాతా సంఖ్యను బ్యాంకుకు తెలిపితే సరిపోదు, బీమా సంస్థ రికార్డులలో విడిగా నమోదు చేయించాలి. పదేళ్లకు పైగా ఎవరూ కోరని బీమా సొమ్ము వృద్ధుల సంక్షేమ నిధికి బదిలీ అవుతుంది.

ఫిర్యాదుల పరిష్కారం

మరణ క్లెయిములో విచారణ అవసరం లేని సందర్భాలలో 15 రోజులలోగా, విచారణ అవసరమైనచో 45 రోజులలోగా బీమా సంస్థ నిర్ణయం తీసుకోవాలి. పాలసీ ప్రారంభమై మూడేళ్లు పూర్తయిన తరువాత, ప్రతిపాదన పత్రంలో వాస్తవాలు దాచారన్న కారణంతో దానిని ప్రశ్నించే అధికారం బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం సంస్థకు లేదు. అయినప్పటికీ ఆరోగ్య వివరాలను మొదటే నిజాయితీగా నమోదు చేయించడం కుటుంబ శ్రేయస్సుకు అవసరం. దరఖాస్తును ఇతరులు నింపినా, సంతకం చేసిన వ్యక్తిదే బాధ్యత.

ఫిర్యాదును ముందుగా బీమా సంస్థకు లిఖితపూర్వకంగా సమర్పించాలి. నెల రోజులలో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ప్రాంతాలకు సంబంధించిన కార్యాలయం హైదరాబాదులో ఉంది. 50 లక్షల రూపాయల వరకు గల వివాదాలను ఈ కార్యాలయం విచారిస్తుంది. ఎటువంటి రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు. హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ నిర్వహించే బీమా భరోసా వెబ్‌సైటు ద్వారా గాని, 155255 నెంబరుకు ఫోను చేసి గాని ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

బ్యాంకు శాఖపై ప్రజలకు గల నమ్మకమే ఈ వ్యాపారానికి మూలధనం. ఆ నమ్మకం నిలబడాలంటే విక్రయించేవారు పూర్తి వివరాలు తెలపాలి, కొనేవారు చదివి సంతకం చేయాలి. పాలసీదారులు తమ పాలసీ పత్రాన్ని ఒకసారి బయటకు తీసి, బీమా సంస్థ పేరు, పాలసీ సంఖ్య, ప్రీమియం చెల్లించవలసిన తేదీ, నామినీ వివరాలను సరిచూసుకుని, ఆ పత్రం ఎక్కడ ఉన్నదో ఇంటిలో కనీసం ఒకరికి తెలియజేయడం అవసరం.